అంగుళం తీసెయ్యండి

సోమవారం ఉదయం ఆరు గంటలకు డ్రైవింగ్ స్కూలు మాస్టారి పథకం చాలా చిన్నది. టీ తాగాలి. జీపు స్టీరింగు కాస్త వంకరగా ఉంది, దాన్ని సరిచేయాలి. స్నానం చేసి ఎనిమిదింటికల్లా భార్యను, టీకాల పెట్టెను ఎక్కించుకుని కొండ మీది క్యాంపుకి బయల్దేరాలి. వీటిలో టీ తాగడం ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

భార్య ప్రభుత్వ నర్సు. నెలకోసారి, మొదటి సోమవారం, కొండ మీది రేకుల షెడ్డులో చంటిపిల్లలకు టీకాలు వేసి, వాళ్ళ బరువూ పొడవూ చూసి రాసుకుని వస్తుంది. కిందటి నెల వాగు దాటుతుంటే జీపు కడుపు ఒక బండరాయి మీద కూర్చుండిపోయింది. చక్రాలు గాలిలో తిరిగాయే తప్ప బండి కదల్లేదు. టీకాల పెట్టె వెళ్ళింది వెళ్ళినట్టే ఇంటికి తిరిగొచ్చింది. మర్నాడు సూపర్‌వైజరు ఆవిడను పిలిచి రెండే ముక్కలు చెప్పాడు.

"చేరలేని చోట క్యాంపు ఉన్నట్టు రాసుకోవడం దేనికమ్మా? ఈ నెల కూడా ఆగిపోయిందా, ఎత్తేస్తాను. కావలసినవాళ్ళు వాళ్ళే దిగొస్తారు."

దిగి రావడమంటే బిడ్డను చంకనేసుకుని మూడు గంటల నడక. ఎవరూ రారని నర్సుకి తెలుసు. అందుకే ఆ నెలంతా, జీపు ఎత్తు పెంచమని మొగుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఆయన నెలంతా "రేపు" అంటూ గడిపి, సరిగ్గా క్యాంపుకి రెండు రోజుల ముందు, శనివారం నాడు, నడుం కట్టి పని మొదలుపెట్టాడు. కొందరు మగవాళ్ళకు ఉత్సాహం ఎప్పుడూ ఆఖరి బస్సుకే వస్తుంది.

ఆయనకి ఇద్దరు తోడయ్యారు. ఒకడు మెకానిక్. ఏ పని చెప్పినా "ఐదు నిమిషాలు సార్" అంటాడు కాబట్టి ఊళ్ళో అందరూ అతని అసలు పేరు మరిచిపోయి ఐదునిమిషాలు అనే పిలుస్తారు. రెండోవారు మామగారు, అంటే నర్సు తండ్రి. వీధి చివరే కాపురం. నలభై ఏళ్ళు తలుపులూ కిటికీలూ చేసిన వడ్రంగి. ఆయన్ని ఎవరూ పిలవలేదు, అయినా వచ్చారు. ముగ్గురూ కలిసి ఇనుప కడ్డీ కోసి దిమ్మెలు చేసి, వాటిని స్ప్రింగులకీ ఇరుసులకీ మధ్య బిగించి, జీపును రెండంగుళాలు పైకి లేపారు. చూడడానికి దర్జాగా ఉంది. నడపబోతేనే తెలిసింది, తిన్నగా వెళ్ళాలంటే స్టీరింగును బాగా ఎడమకి తిప్పి పట్టుకోవాలని. పదిహేనేళ్ళుగా ఊరందరికీ చేతులు సమానంగా పెట్టి నడపమని చెబుతున్న మాస్టారికి ఇది పెద్ద నామోషీ అయింది.

అందుకని సోమవారం పొద్దున్నే ఆయన స్పానరు పట్టుకుని జీపు కిందికి దూరాడు. అక్కడ రెండు రాడ్లు ఉన్నాయి. ఒకటి తిప్పితే స్టీరింగు తిన్నబడుతుంది. రెండోది తిప్పితే ముందు చక్రాలు చూసే దిక్కు మారుతుంది. ఆయన రెండోది తిప్పాడు. బయటికి వచ్చి చూసుకుంటే స్టీరింగు వంకర చెక్కుచెదరలేదు. కొత్తగా ముందు చక్రాలు రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటున్నాయి.

వంటింటి కిటికీలోంచి నర్సు కేకేసింది. "ఏమండీ, అయిందా?"

"ఆఁ, అయిపోవచ్చింది!"

ఆ ఇంట్లో ఈ మాట వినిపించిందంటే పని ఇంకా మొదలవలేదని అర్థం. నర్సు నిట్టూర్చి, టీకాల పెట్టెలో ఐసు సర్దుకోవడానికి వెళ్ళింది. మాస్టారు మెకానిక్‌కి ఫోను చేశాడు. "ఐదు నిమిషాల్లో మీ ముందుంటా" అన్న మనిషి ఏడింటికి వచ్చాడు. వచ్చి, వంగి చక్రాలను చూసి, నాలుక కరుచుకున్నాడు.

"బండి లేపితే కోణాలన్నీ మారిపోతాయి సార్. స్టీరింగు తిప్పి వదిలేస్తే దానంతటదే వెనక్కి రావాలి కదా, అది క్యాస్టర్. దానికి నేను శనివారమే స్ప్రింగు కింద ఏటవాలు ముక్క వేశాను, దాని జోలికి పోకండి. ఇక మిగిలింది టో. ముందు చక్రాలు మన పాదాల్లాంటివి. కొంచెం లోపలికి చూడాలి, చాలా కొంచెం. మీరు చూస్తే పూర్తిగా లోపలికి తిప్పేశారు. ఇట్లా పోతే టైర్లు సాయంత్రానికి సగమవుతాయి."

"మరి ఎలా?"

"టౌనులో మెషిను మీద పెట్టాలి. పదింటికి తెరుస్తారు."

"ఎనిమిదింటికి బయల్దేరాలయ్యా!"

"అయితే ఐదు నిమిషాలు ఆగండి."

మెకానిక్ కింద పడుకుని, ఒక రాడ్డు తిప్పి స్టీరింగు నిలబెట్టాడు, రెండోది తిప్పి చక్రాలను కంటి అంచనాతో తిన్నగా పెట్టాడు. మంచి కన్ను అతనిది. చక్రాలు నిజంగానే దాదాపు సూటిగా వచ్చాయి. అక్కడితో లేచి చేతులు కడుక్కుని ఉంటే అందరికీ బాగుండేది. సరిగ్గా అప్పుడే గేటు తెరుచుకుని మామగారు వచ్చారు, చేతిలో టేపుతో.

ఈ టేపు గురించి చెప్పుకోవాలి. ఇరవై ఏళ్ళ కిందట మామగారు దాని కొనతో వార్నిష్ డబ్బా మూత లేపబోతే మొదటి అంగుళం తెగి ఊడిపోయింది. అప్పటి నుంచి ఆ టేపు ఒకటి దగ్గరే మొదలవుతుంది. ఆయన దాన్ని పారేయలేదు. రెండంగుళాల ముక్క కావాలంటే మూడు దగ్గర గీత పెడతారు. ఏది కొలిచినా వచ్చిన అంకెలోంచి ఒకటి తీసేస్తారు. ఇంట్లో వాళ్ళకి కూడా అదే అలవాటు చేశారు. పెళ్ళయిన కొత్తలో మాస్టారికి అత్తవారింట్లో చెప్పిన మొదటి కట్టుబాటు ఇదే.

"కంటితో చూసి బిగిస్తావా? ఇదేం పని?" అన్నారు మామగారు, మెకానిక్‌ని పురుగును చూసినట్టు చూసి. "కొలవాలి. టైర్ల మధ్య ముందువైపు ఎంతుందో, వెనకవైపు ఎంతుందో. ఎంత తేడా ఉండాలి?"

"ముందువైపు ఒక్క నూలు తక్కువుండాలి పెద్దాయనా. అంగుళంలో ఎనిమిదో వంతు."

"నూలంటే ఎంతో నాకు చెబుతున్నావా!"

మామగారు ఎడమ చక్రం దగ్గర కూర్చుని టేపు తెగిన కొన పట్టుకున్నారు. ముందువైపు కొలిచేటప్పుడు కుడి చక్రం దగ్గర మాస్టారు కూర్చున్నాడు. టేపు మీద యాభైమూడు కనిపించింది. ఇంటి అల్లుడు కాబట్టి తనే ఒకటి తీసేసి, "యాభైరెండు!" అని అరిచాడు. మామగారు అలవాటుగా ఇంకొకటి తీసేసి, బానెట్ మీద సుద్దతో యాభైఒకటి అని రాశారు. వెనకవైపు కొలవాలంటే ఒకరు జీపు కింద పడుకోవాలి కాబట్టి అక్కడికి ఐదునిమిషాలు వెళ్ళాడు. టేపు మీద అక్కడా యాభైమూడే. పాపం, అతను ఆ ఇంటి అల్లుడు కాదు. ఉన్నదున్నట్టు "యాభైమూడు" అన్నాడు. మామగారు ఒకటి తీసి యాభైరెండు రాశారు.

"చూశావా నీ కంటి కొలత! ముందువైపు ఏకంగా అంగుళం తక్కువుంది. ఏడు నూలు తెరువు."

"అంత తేడా ఎలా వస్తుంది పెద్దాయనా? నేను చూసి పెట్టాను కదా..."

"టేపు అబద్ధం చెబుతుందా?"

ఐదునిమిషాలు మళ్ళీ కిందికి దూరి, ఏడు నూలు తెరిచాడు. బాగున్న చక్రాలు చెరో దిక్కుకి తిరిగాయి.

ఎనిమిదింటికి మాస్టారు జీపును వీధిలోకి తీశాడు. కుడి చక్రం కుడికి పోదామంటుంది, ఎడమ చక్రం ఎడమకి పోదామంటుంది. టైర్లు కీచుమంటున్నాయి. వీధి మొదట్లో ఆయన స్కూలు బోర్డు ఉంది: "తిన్నగా నడపడం ముప్పై రోజుల్లో నేర్పుతాం." జీపు వెళ్ళి దానికే తగిలింది. బోర్డు వెల్లకిలా పడింది. ఎనిమిది గంటల పాఠానికి వచ్చి అక్కడ నిలబడి ఉన్న బ్యాంకు క్లర్కు జీపునీ, బోర్డునీ, మాస్టారినీ వరసగా చూసి, వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళిపోయాడు.

నర్సు గేటు దగ్గరికి వచ్చింది. "ఏమండీ, ఇప్పుడెంత టైమయిందో తెలుస్తోందా?"

"ఒక్క చిన్న సవరింపు..."

"చిన్నదో పెద్దదో నాకు తెలీదు. తొమ్మిదిన్నర దాటితే నేను చేరేసరికి వాళ్ళు చూసి చూసి వెళ్ళిపోతారు. పోయిన నెల సాయంత్రం దాకా కూర్చున్నారట పాపం, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని."

మాస్టారికి చెవులు ఎర్రబడ్డాయి. మళ్ళీ కొలుద్దామన్నాడు. ఈసారి మెకానిక్ నడుం పట్టేసిందని కింద పడుకోనన్నాడు. దాంతో మనుషులు చోట్లు మారారు. మనుషులతో పాటు తప్పు కూడా చోటు మారింది. ముందువైపు మెకానిక్ ఉన్నదున్నట్టు చదివాడు, మామగారు ఒకటి తీశారు. వెనకవైపు కింద పడుకున్న మాస్టారు ఒకటి తీసి చెప్పాడు, మామగారు ఇంకొకటి తీశారు. లెక్క చూస్తే ముందువైపు దాదాపు రెండంగుళాలు ఎక్కువ తేలింది.

"రెండా!" ఐదునిమిషాలు గుడ్లు తేలేశాడు. "ఇందాక ఏడు నూలే కదా తెరిచాను!"

"బోర్డుకి గుద్దాడుగా మా అల్లుడు, అందుకే పెరిగుంటుంది" అన్నారు మామగారు. "మూసెయ్ రెండంగుళాలు."

మూసేశాడు. చక్రాలు మళ్ళీ ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి, పొద్దున ఆరింటికి చూసుకున్నట్టే. రెండున్నర గంటల్లో ముగ్గురు మగవాళ్ళు మొదలుపెట్టిన చోటికి వచ్చారు. దారిలో ఒక బోర్డు పోయింది, ఒక విద్యార్థి పోయాడు.

జీపును వెనక్కి తీస్తుంటే ఎడమ అద్దం గేటుకి గీసుకుంది. అప్పుడు గమనించాడు మాస్టారు. "ఇదేంటి, ఎడమవైపుకి ఒరిగి ఉందేం?"

ఇక దాని మీద పడ్డారు. ఎడమ టైరులో గాలి తక్కువన్నాడు మెకానిక్. గాలి కొట్టారు. ఒరుగు పోలేదు. పనిముట్ల పెట్టె ఎడమవైపు ఉందన్నాడు మాస్టారు. పెట్టె కుడివైపుకి మార్చారు. ఒరుగు పోలేదు. నేలే ఏటవాలుగా ఉందన్నారు మామగారు. జీపును తిప్పి నిలబెట్టారు. జీపు ఇటు తిరిగి కూడా ఎడమవైపుకే ఒరిగింది.

లోపల ఫోను మోగింది. నర్సు మాట్లాడుతుంటే ముగ్గురికీ వినబడింది. "ఆఁ సార్... బయల్దేరుతున్నాం సార్... మీరు కూడా వస్తున్నారా?" బయటికి వచ్చేసరికి మొహం కందగడ్డలా ఉంది. చంకకు సంచీ, చేతిలో టీకాల పెట్టె.

"సూపర్‌వైజరు మోటార్ సైకిల్ మీద కొండకి వెళ్తున్నాడట. పదకొండున్నరకి నేను కనిపించకపోతే అక్కడే కూర్చుని, క్యాంపు ఎత్తేసినట్టు రాసేస్తాడట. ఇప్పుడు చెప్పండి. ఈ బండి నడుస్తుందా, నన్ను నడవమంటారా?"

మామగారు టేపు చుట్టుకుంటూ ఆకాశం కేసి చూశారు.

"అసలు ఎంతుండాలి, ఎంతుంది?"

ఐదునిమిషాలు బానెట్ మీది సుద్ద అంకెలు చూపించి గొణిగాడు. ఆమె ఆ అంకెలనీ, చక్రాలనీ మార్చి మార్చి చూసింది. సంచీలోంచి పిల్లల తల చుట్టుకొలత చూసే మెత్తటి టేపు తీసింది. "పట్టుకోండి ఆ చివర" అని మొగుడికి ఇచ్చి, యూనిఫాం చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, తనే వంగి ముందూ వెనకా కొలిచింది. ముందువైపు అంగుళానికి పైగా తక్కువ. బానెట్ మీది లెక్క ప్రకారమైతే ఒక్క నూలే తక్కువుండాలి.

"ఏమండీ, మీరు నాన్న టేపులోంచి అంగుళం తీసి చెప్పారా?"

"తీశాను. తియ్యాలిగా?"

"నాన్నా, నువ్వు కూడా తీశావా?"

"నేను తియ్యకుండా ఎప్పుడైనా రాశానా అమ్మాయీ?"

"ఐదునిమిషాలూ, నువ్వు?"

"ఏ అంగుళం అమ్మా?" అన్నాడు అతను అమాయకంగా. విషయం చెప్పాక అతని మొహం పాలిపోయింది. "అయ్యబాబోయ్. శనివారం ఎడమ దిమ్మెలు నేనే గీశాను, పెద్దాయన టేపుతో. రెండు అని ఉన్నచోట కోసేశాను."

అంటే కుడి దిమ్మెలు రెండంగుళాలు, ఎడమ దిమ్మెలు ఒకటి. నర్సు నెత్తి కొట్టుకుంది.

"కొండ మీద చదువురాని తల్లులు నా ముందు నోటి లెక్కతో నెలలు తప్పకుండా చెబుతారు. మీరు ముగ్గురు! ఒక్క అంగుళం! ఎవరు తియ్యాలో ముందే అనుకుని చావచ్చుగా!"

ఆమె టేపు పట్టుకుంది, మెకానిక్ కిందికి దూరాడు. ఈసారి చక్రాలు తిన్నబడడానికి సరిగ్గా ఐదు నిమిషాలు పట్టింది. అతని జీవితంలో అదే మొదటిసారి. దిమ్మెలు మార్చే టైము లేదు కాబట్టి, బరువు సరిపోవడానికి మామగారిని వెనక కుడివైపు కూర్చోబెట్టారు. ఆయనకది అవమానంగానే తోచింది కానీ కూతురి మొహం చూసి ఎక్కి కూర్చున్నారు. తొమ్మిదీ ముప్పై ఐదుకి జీపు గేటు దాటింది. మాస్టారు రెండు చేతులూ సమానంగా పెట్టి నడిపాడు. వాగులో అదే బండరాయి మీదుగా జీపు కడుపు అంగుళం ఎత్తున దాటిపోయింది. నర్సు టీకాల పెట్టె మూత సరిచూసుకుంది. మాస్టారు మాత్రం రాయి దాటాక మూడుసార్లు ఆమె వైపు చూశాడు.

పదకొండుంపావుకి షెడ్డు దగ్గర ఆగారు. ముప్పై మంది తల్లులు. సూపర్‌వైజరు గడియారం చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి కాస్త నిరాశపడ్డట్టే కనిపించాడు. జనం ఎక్కువగా ఉండడంతో, "సరే, మీరు టీకాలు చూడండి, పొడవులు నేను కొలుస్తాను" అన్నాడు. నర్సు సంచీలో చెయ్యి పెట్టింది. టేపు లేదు. ఇంటి దగ్గర మాస్టారు దాన్ని గ్రీజు పోయేలా కడిగి గేటు మీద ఆరేసి వచ్చాడు.

"నా దగ్గరుంది కదా!" అన్నారు మామగారు. నర్సు ఏదో అనబోయింది కానీ, ఒళ్ళో బిడ్డ ఒకటే ఏడుపు, చేతిలో సూది.

మామగారు పని చక్కగా ఏర్పాటు చేశారు. బిడ్డను బల్ల మీద పడుకోబెట్టడం, తల దగ్గరా మడమ దగ్గరా పెన్సిల్‌తో గీత పెట్టడం, బిడ్డను తీసేశాక ఆ రెండు గీతల మధ్య కొలవడం. సూపర్‌వైజరు చదివాడు, మామగారు ప్రతిసారీ చెవిలో, "అంగుళం తీసెయ్యండి సార్" అన్నారు. ఆయన బుద్ధిగా ప్రతిసారీ తీసేసి కాగితం మీద రాశాడు. మామగారి మాట ఒకరు ఇంత బాగా విన్నది ఆ రోజే.

క్యాంపు బాగా జరిగింది. సాయంత్రం ఆఫీసులో నర్సు ఆ కాగితం చూసి అంకెలు రిజిస్టరులోకి ఎక్కించింది. సూపర్‌వైజరుకి ఆ టేపు సంగతి ఏం తెలుస్తుంది పాపం అనుకుని, ప్రతి అంకెలోంచీ జాగ్రత్తగా ఒక అంగుళం తీసేసింది.

పది రోజులకు పైనుంచి ఆర్డరు వచ్చింది. కొండ మీది పిల్లలు రెండు నెలల్లో ఏమాత్రం ఎదగలేదని, ఏడుగురైతే పొడవు తగ్గారని, ఇది అత్యవసర పరిస్థితి అని, ఇకమీదట అక్కడ నెలకోసారి కాదు, వారం వారం క్యాంపు పెట్టి తీరాలని. నర్సుకి రెండు నిమిషాల్లో విషయం అర్థమైంది. పరుగున సూపర్‌వైజరు గదిలోకి వెళ్ళి, సిగ్గు విడిచి అంతా చెప్పింది. అంకెలు ఆయన ముందే దిద్దింది. ఆయన ఆర్డరు కాగితం మళ్ళీ ఒకసారి చదివాడు.

"అంకెలు దిద్దుకోవచ్చమ్మా. ఆర్డరు సంగతే కష్టం. వెయ్యడానికి ఒక్క సంతకం చాలు. తియ్యాలంటే ఏడుగురు పెట్టాలి, అందులో ఇద్దరు రిటైరయ్యారు. ప్రతి సోమవారం వెళ్ళిరండి."

నర్సు ఇంటికి వచ్చి మొగుడికి ఈ మాట చెప్పేటప్పుడు, ఏడాదిలో మొదటిసారి మనసారా నవ్వింది. వస్తూ వస్తూ తండ్రి కోసం కొత్త టేపు కూడా కొనుక్కొచ్చింది. పాతదాన్ని ఆయన కళ్ళ ముందే విరిచి చెత్తబుట్టలో వేసింది. ఇక వారం వారం వెళ్ళాలి కాబట్టి ఆ ఆదివారమే ఎడమ దిమ్మెలు మార్చడానికి ముగ్గురూ కూర్చున్నారు. మామగారు కొత్త టేపు లాగి కడ్డీ మీద పెట్టారు. గీత పెట్టబోతున్న ఐదునిమిషాల చేతిని పట్టుకుని, "ఈసారైనా నేర్చుకో. రెండంగుళాలు కావాలంటే మూడు దగ్గర గియ్యాలి" అన్నారు.

ఇప్పుడు జీపు కుడివైపుకి ఒరుగుతోంది, మామగారు ఎడమవైపు కూర్చుంటున్నారు.